సువాసన సరే... క్రిమి చస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఏ మందుల షాపులో అడిగినా, ఏ సూపర్ మార్కెట్ అరలు వెతికినా ఆ చిన్న సీసాలు కనిపిస్తాయి. నిమ్మగడ్డి, లవంగం, నీలగిరి, లావెండర్, టీ ట్రీ... ముదురు గోధుమరంగు సీసా, దానిమీద పచ్చటి ఆకు బొమ్మ. నేల తుడిచే నీళ్లలో నాలుగు చుక్కలు వేస్తే క్రిములు మాయమని ఒకరంటారు. మొటిమ మీద రాస్తే తెల్లారేసరికి మానిపోతుందని మరొకరు. 'ఇంగ్లిషు మందులెందుకు, ఇదే ప్రకృతి ఇచ్చిన యాంటీబయాటిక్' అని పక్కింటి పిన్నిగారు ధైర్యం చెబుతారు.

అదంతా ఉత్త మాటే అయితే గొడవే లేదు. చిక్కేమిటంటే అందులో కొంత నిజముంది. వాము నూనె, లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె బ్యాక్టీరియాను చంపగలవు. ప్రయోగశాలలో ఎన్నోసార్లు రుజువైన సంగతే అది. ఎంత మోతాదులో చంపుతాయి, ఏ క్రిమిని చంపుతాయి, గాజు పళ్లెంలో చచ్చిన క్రిమి మన కాలిపుండులోనూ చస్తుందా... అసలు కథంతా ఈ మూడు ప్రశ్నల దగ్గరే ఉంది.

వీటికి జవాబు వెతికే పరీక్ష పెద్ద పెద్ద సంస్థల్లో మాత్రమే జరిగేది కాదు. మైక్రోబయాలజీ ఉన్న డిగ్రీ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుకు పిల్లలు ఎంచుకునే అంశాల్లో ఇదెప్పుడూ ఉంటుంది. ఖర్చు తక్కువ. నూనె బజార్లో దొరుకుతుంది. పైగా, ఫలితం మర్నాటికల్లా కంటికి కనిపిస్తుంది!

గాజు పళ్లెంలో పంట

ముందు పొలం సిద్ధం చేయాలి. ఆ పొలం పేరు మ్యూలర్ హింటన్ అగార్. సముద్రపు నాచు నుంచి తీసిన అగార్‌లో బ్యాక్టీరియాకు కావాల్సిన పోషకాలు కలిపి, మరిగించి, అరచేతిలో పట్టేంత పెట్రీ పళ్లెంలో పోస్తారు. చల్లారితే జున్నుముక్కలా గడ్డకడుతుంది. తర్వాత విత్తనం. స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ.కోలి లాంటి బ్యాక్టీరియాను ఉప్పునీళ్లలో కలిపి, ఆ నీళ్లు ఎంత మసకబారాయో చూస్తారు. మసక ఓ ప్రమాణానికి రావాలి. అంటే ఒక్క మిల్లీలీటరులో దాదాపు 15 కోట్ల బ్యాక్టీరియా అన్నమాట. దూది పుల్లను అందులో ముంచి, పళ్లెం మొత్తం మూడు దిక్కులుగా పూస్తారు, ముగ్గు వేసే ముందు కళ్లాపి చల్లినట్టు, ఎక్కడా ఖాళీ లేకుండా.

బ్యాక్టీరియా కూడా ఏదో ఒకటైతే కుదరదు. ప్రపంచమంతా ఒకే రకాన్ని వాడాలి, లేకపోతే ఒకరి లెక్కకూ మరొకరి లెక్కకూ పొంతన ఉండదు. అందుకే ఏటీసీసీ 25923 నంబరు స్టెఫైలోకాకస్, 25922 నంబరు ఈ.కోలి అన్ని ల్యాబుల్లోనూ చుట్టాల్లా తిరుగుతుంటాయి.

ఆ తర్వాత 6 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితపు బిళ్ల మీద కొలిచిన నూనె చుక్క వేసి, పళ్లెం మధ్యలో పెడతారు. పళ్లేన్ని 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడిలో, ఓ రాత్రంతా ఉంచుతారు. తెల్లారి చూస్తే పళ్లెం నిండా పాలమీగడ పరిచినట్టు బ్యాక్టీరియా. బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ. దాన్ని స్కేలు పెట్టి కొలుస్తారు. 'లవంగ నూనెకు ఇన్ని మిల్లీమీటర్లు, తులసి నూనెకు ఇన్ని' అని పట్టిక రాస్తారు. ఈ పద్ధతికి బాయర్, కర్బీ అనే అమెరికా పరిశోధకుల పేరు స్థిరపడింది. వాళ్లూ వాళ్ల సహచరులూ 1966లో దీన్నొక ప్రమాణంగా ప్రకటించారు.

పక్కనే ఇంకో రెండు బిళ్లలు పెట్టాలి. ఒకదానిమీద జెంటామైసిన్ లాంటి తెలిసిన యాంటీబయాటిక్. ఇంకోదానిమీద నూనె లేకుండా, నూనెను పలచన చేయడానికి వాడిన ద్రవం ఒక్కటే. ఆ ద్రవమే క్రిముల్ని చంపేస్తుంటే ఘనత నూనెకు కట్టబెట్టేస్తాం కదా! ఈ రెండో బిళ్ల లేని రిపోర్టును పక్కన పడేయొచ్చు.

వలయాన్ని నమ్మొచ్చా?

చూడ్డానికి ఎంత బాగున్నా, నూనెల విషయంలో ఈ వలయానికి పెద్ద లోపమే ఉంది. ఈ పద్ధతిని తయారు చేసింది నీళ్లలో కరిగే యాంటీబయాటిక్‌ల కోసం. మందు బిళ్ల నుంచి తడి అగార్‌లోకి పాకుతుంది, పాకినంత మేరా క్రిములు ఆగిపోతాయి. నూనె అలా కాదు. నీటిమీద నూనె ఎలా తేలుతుందో ఏ వంటింట్లోనైనా తెలుసు. బిళ్ల మీది చుక్కలో కొంత అక్కడే ఉండిపోతుంది, ఇంకొంత ఆవిరై మూతకింద పళ్లెమంతా చుట్టేస్తుంది. గట్టి నూనెకు చిన్న వలయం, ఓ మాదిరి నూనెకు పెద్ద వలయం వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒకే పళ్లెంలో నాలుగు నూనెల బిళ్లలు పెడితే, ఒకదాని ఆవిరి పక్కదాని లెక్కనూ పాడుచేస్తుంది.

కాబట్టి వలయం చూసి 'ఇందులో ఏదో ఉంది' అనుకోవచ్చు, అంతే. ఎంత ఉందో తేలాలంటే రెండో పరీక్షకు వెళ్లాలి. దాన్ని కనీస నిరోధక మోతాదు అంటారు. వరసగా చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక తీసుకుని, మొదటి గుంటలో నూనె ఎక్కువగా, రెండోదాంట్లో అందులో సగం, మూడోదాంట్లో ఇంకా సగం... ఇలా తగ్గించుకుంటూ వెళ్తారు. అన్నింట్లోనూ బ్యాక్టీరియా సమానం. నూనె, నీళ్లు విడిపోకుండా ట్వీన్ 80 అనే కలిపే పదార్థాన్నో, కొద్దిపాటి అగార్‌నో వాడతారు. రాత్రి గడిచాక రెసజురిన్ అనే నీలిరంగు చుక్క వేస్తారు. బ్యాక్టీరియా బతికుంటే నీలం గులాబీగా మారిపోతుంది. మారకుండా నీలంగా మిగిలిన ఆఖరి గుంట ఏదో, అదే ఆ నూనె అసలు సత్తా.

1999లో వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయ పరిశోధకులు హామర్, కార్సన్, రైలీ 52 రకాల మొక్కల నూనెల్ని, సారాల్ని పది రకాల సూక్ష్మజీవుల మీద ఇలాగే వరసపెట్టి పరీక్షించారు. 2 శాతం, అంతకంటే తక్కువ మోతాదులో పదింటినీ ఆపగలిగినవి మూడంటే మూడు. వాటిలో ఒకటి మన నిమ్మగడ్డి. మిగతా రెండూ ఒరెగానో, బే.

మరి మందులతో పోలిస్తే? టీ ట్రీ నూనె ఈ.కోలిని ఆపడానికి పావు శాతం దాకా కావాలి. అంటే లీటరుకు రెండున్నర మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 2,200 మిల్లీగ్రాములు. ప్రయోగశాల ఈ.కోలిని సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 0.016 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువలోనే ఆపేస్తుంది. లక్ష రెట్లకు పైగా తేడా! 'ప్రకృతి ఇచ్చిన యాంటీబయాటిక్' అనేవాళ్లు ఒక్కసారి ఈ లెక్క చూడాలి. మాత్రలోని మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి క్రిమిని పట్టుకుంటుంది. నూనెను ఆ మోతాదులో రక్తంలోకి పంపాలంటే క్రిమికన్నా ముందు మనిషికే ప్రమాదం.

అంబర్‌పేట ఎర్ర మందు, మదరాసు పసుపు డబ్బా

అలాగని వీటిని తీసిపారేయడానికీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో, అంబర్‌పేటలో వందేళ్లు దాటిన కార్ఖానా ఒకటి ఉంది. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో ప్రారంభించిన జిందా తిలిస్మాత్ కార్ఖానా. పాతబస్తీ నుంచి తెలంగాణ పల్లెల దాకా జలుబు చేస్తే నాయనమ్మలు వేణ్నీళ్లలో వేసిచ్చిన ఆ ఎర్ర చుక్కల్లో ఏముందనుకున్నారు? ఎక్కువ భాగం నీలగిరి తైలమే. దానికి తోడు కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు. ఇదొక యునానీ మందు.

దీనికంటే ముందే, 1893లో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తర్వాత అది మదరాసుకు మారింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతోనే ఆయన ఆంధ్రపత్రిక నడిపారు. అంటే తెలుగు పత్రికారంగం కొంతకాలం కర్పూరం, నీలగిరి వాసనల మీద బతికిందన్నమాట! అటు అమెరికాలో 1879లో పుట్టిన లిస్టరిన్‌లోనూ ఉన్నవి ఇలాంటివే. వాము పువ్వులోని థైమాల్, పుదీనా పువ్వు అనే మెంథాల్, నీలగిరిలోని సినియోల్, వింటర్‌గ్రీన్ వాసననిచ్చే మిథైల్ సాలిసిలేట్. శస్త్రచికిత్సలో క్రిమిసంహారిణి వాడకాన్ని నేర్పిన జోసెఫ్ లిస్టర్ పేరే దానికి పెట్టారు.

కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు... మూడూ గట్టి పలుకులే. మూడింటినీ ఓ సీసాలో వేసి కదిపితే, చుక్క నీరు పోయకుండానే కరిగి ద్రవమైపోతాయి. ఫార్మసీ విద్యార్థులకు ఇదో పాఠం. ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కరిగే వేడి మామూలు గది వేడికంటే కిందికి పడిపోవడమే కారణం. మన ఇళ్లలో 'అమృతధార' అని పిలిచేది దీన్నే.

క్రిమిని ఇవి చంపే తీరు కూడా ఈ జిడ్డు గుణంలోనే ఉంది. బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొరలో కొవ్వు ఉంటుంది. కొవ్వుకు నూనె దగ్గరి చుట్టం. థైమాల్, లవంగంలోని యూజెనాల్ లాంటివి ఆ పొరలో దూరి దాన్ని బలహీనం చేస్తాయి. చిల్లుపడ్డ కుండలా లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. చర్మం మీదుండే స్టెఫైలోకాకస్‌కు బయట రక్షణ తక్కువ కాబట్టి త్వరగా లొంగుతుంది. ఈ.కోలి జాతికి పైన ఇంకో గోడ ఉంటుంది, కాస్త మొండికేస్తుంది. కాలిన గాయాల్లో, ఆసుపత్రి గొట్టాల్లో చేరే సూడోమోనాస్ అయితే మరీ జగమొండి. చాలా నూనెలు దాని ముందు చేతులెత్తేస్తాయి.

ఒకే పేరు, వేరు వేరు నూనెలు

పరీక్షకు తెచ్చిన సీసాలో ఏముందో తెలియకపోతే పరీక్ష చేసీ లాభం లేదు. ఎల్‌బీ నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళ్తే బోడుప్పల్ వస్తుంది. కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌కు అక్కడో పరిశోధన కేంద్రం ఉంది. 1959లో ఏర్పడిన ఈ సంస్థకు ప్రధాన కార్యాలయం లక్నోలో. నిమ్మగడ్డిలో 'కృష్ణ' లాంటి రకాలు ఈ సంస్థవే. 2017లో మొదలైన అరోమా మిషన్ కింద ఇలాంటి గడ్డి జాతుల్ని రైతులకు అలవాటు చేస్తున్నారు. వందకిలోల నిమ్మగడ్డి కోసి బట్టీలో ఆవిరి పట్టిస్తే చేతికొచ్చే నూనె అరకిలో అటూ ఇటూ.

ఆ అరకిలో అంతా ఒకటే పదార్థం కూడా కాదు. నిమ్మగడ్డి నూనెలో నూటికి 75-80 పాళ్లు సిట్రాల్. మిగతాది పదుల రకాల చిల్లర రసాయనాలు. నేల, రుతువు, కోసిన సమయం, బట్టీలో ఉంచినంతసేపు... ఏది మారినా పాళ్లు మారిపోతాయి. ఎండ తగిలేచోట మూత వదులుగా ఉన్న సీసాలో ఆర్నెల్లుంటే మళ్లీ మారతాయి. తులసి సంగతి మరీ తమాషా. ఒక రకంలో యూజెనాల్ ముందుంటే ఇంకో రకంలో మిథైల్ యూజెనాల్ ముందుంటుంది. మనం 'జామాయిల్' అని పిలిచే చెట్లున్నాయి చూశారూ, మన దగ్గర కాగితం మిల్లులకు వెళ్లే ఆ తోటలకూ, మందులో వాడే నీలగిరి తైలాన్నిచ్చే యూకలిప్టస్ గ్లోబ్యులస్‌కూ జాతి వేరు. చౌక నూనె, కృత్రిమ సిట్రాల్, ఉత్త ద్రావకం కలిపి అమ్మే కల్తీ వ్యాపారం ఉండనే ఉంది. వాసన చూసి కనిపెట్టడం కష్టం. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో పెడితే ఏది ఎంతుందో బయటపడుతుంది.

అందుకే ఒక ఊరి ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసిన నూనె పక్కూరి ల్యాబులో తుస్సుమంటుంది. దేన్ని పరీక్షించామో పాళ్లతో సహా రాయని ఫలితం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

పళ్లెంలో చచ్చి, పుండులో బతికి

ఇంత శ్రమ దేనికంటే, యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా పెరిగిపోతోంది కాబట్టి. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది నేరుగా ఈ కారణంగానే చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. హైదరాబాద్‌కు ఇందులో ప్రత్యేక స్థానమే ఉంది. నగరానికి ఆ కొసన, పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. పైన చెప్పుకొన్న 0.016తో పోల్చి చూడండి. అలాంటి నీళ్లలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియాకు మాత్రలంటే భయమెందుకుంటుంది? కొత్త మందు కోసం అన్నివైపులా వెతుకుతున్నవాళ్లు సుగంధ నూనెల వైపూ చూడటం సహజం.

మనుషుల మీద జరిగిన పరీక్షలు మాత్రం తక్కువే. చెప్పుకోదగ్గది 2004లో బ్రిటన్ నుంచి వచ్చింది. మొండి స్టెఫైలోకాకస్ ఒంటిమీద చేరిన 236 మంది రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆసుపత్రి మామూలుగా వాడే మందులు, రెండోదానికి టీ ట్రీ క్రీము, ఒళ్లు కడిగే ద్రవం. మొదటి జట్టులో 49 శాతం, రెండోదాంట్లో 41 శాతం మందికి క్రిమి పోయింది. పెద్ద తేడా కాదు. కానీ ముక్కులోని క్రిమి సంగతి విడిగా చూస్తే మామూలు మందు 78 శాతం మందిలో పనిచేసింది, టీ ట్రీ 47 శాతం మందిలోనే. ఒళ్లు కడుక్కోవడానికి పనికొచ్చేదే, ముక్కులో మాత్రం వెనకబడింది.

పళ్లెంలో ఉన్నంత అనుకూలంగా ఒళ్లు ఉండదు మరి. పుండులో చీము, రక్తం, కొవ్వు ఉంటాయి. నూనె వాటితోనే అంటుకుపోయి క్రిమి దాకా పోయేసరికి నీరసపడుతుంది. చిక్కటి నూనె నేరుగా రాస్తే మానుతున్న చర్మం కూడా కాలుతుంది. షుగరున్నవాళ్ల కాళ్లకు స్పర్శ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఆ మంట కూడా తెలియదు. 'నొప్పి లేదు, తగ్గుతోంది' అనుకుంటూ నాలుగు రోజులు లవంగ నూనె రాసుకుని ఐదోరోజు ఆసుపత్రికి వెళ్తే, పోయినవి మామూలు నాలుగు రోజులు కావు. పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం, మెంథాల్ ఉన్నవి రాస్తే ఊపిరి బిగుసుకుపోవచ్చు. కర్పూరం గానీ నీలగిరి తైలం గానీ పిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. దేవుడి గూట్లోని కర్పూరం డబ్బా పై అరలో ఉండటమే మంచిది.

నూనె వాసనొస్తే అక్కడ క్రిమి ఉండదన్న నమ్మకానికి 2021లో అమెరికాలో గట్టి దెబ్బే తగిలింది. నాలుగు రాష్ట్రాల్లో నలుగురికి మెలియాయిడోసిస్ అనే అరుదైన జబ్బు సోకింది. ఇద్దరు చనిపోయారు. వాళ్లెవరూ ఈ జబ్బుండే దేశాలకు వెళ్లినవాళ్లు కాదు. ఎక్కడినుంచి వచ్చిందా అని ఇల్లిల్లూ గాలిస్తే, జార్జియాలో ఒకరింట్లో గదిలో చల్లుకునే సుగంధ స్ప్రే సీసాలో ఆ బ్యాక్టీరియా దొరికింది. లావెండర్, చామంతి జాతి నూనెలు కలిపిన స్ప్రే అది. తయారైంది మన దేశంలో. దాదాపు 3,900 సీసాలు వెనక్కి రప్పించారు. లావెండర్ ఉన్న నీళ్లలోనే ఆ క్రిమి హాయిగా కాపురం చేసింది!

పంటి నొప్పికి లవంగ నూనె పెట్టడం వేరు. యూజెనాల్, జింక్ ఆక్సైడ్ కలిపిన ముద్దను దంతవైద్యులు చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడ మోతాదూ తెలుసు, ఎక్కడ పెట్టాలో కూడా తెలుసు. నేల తుడిచే నీళ్లలో నిమ్మగడ్డి నూనె వేసుకుంటే ఇల్లు మంచి వాసనొస్తుంది, అంతవరకు పేచీ లేదు. బకెట్ నీళ్లకు నాలుగు చుక్కలు ఎన్నోవంతో లెక్కేసుకుంటే మిగతాది అర్థమైపోతుంది.

అన్నట్టు, ఆ గాజు పళ్లెం మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉపయోగపడేదే. మూత్రంలో మంట తగ్గకపోయినా, పుండు మానకపోయినా డాక్టర్ 'కల్చర్ అండ్ సెన్సిటివిటీ' రాస్తారు. చాలా ల్యాబుల్లో జరిగేది ఇదే బిళ్లల పరీక్ష. కాకపోతే బ్యాక్టీరియా మనది, బిళ్లల మీద యాంటీబయాటిక్‌లు. రిపోర్టులో ఒక్కో మందు పేరు ఎదురుగా 'ఎస్' అని ఉంటే మన క్రిమి దానికి లొంగుతుందని, 'ఆర్' అని ఉంటే లొంగదని. రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. శాంపిల్‌ను యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. మాత్రలు పడ్డాక ఇస్తే జబ్బు అలాగే ఉండి, రిపోర్టులో మాత్రం 'నో గ్రోత్' అని రావచ్చు.